తనను తాను పునఃప్రారంభించుకునే ప్రోగ్రామ్: ఆపరేటింగ్ సిస్టమ్‌ల చరిత్రలో ఒక తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

నడుస్తున్న ప్రోగ్రామ్ తన పని ఆపి, తనను తానే మళ్ళీ మొదటినుండి ప్రారంభించుకోవడం పైకి చిన్న సాంకేతికాంశంగా కనిపిస్తుంది. అయితే యూనిక్స్, డాస్, విండోస్, మాక్, ఆండ్రాయిడ్ మొదలైన వ్యవస్థలు దీనికి వేరువేరు మార్గాలు ఎంచుకున్నాయి. ఆ ఎంపికల వెనుక ఆయా వ్యవస్థల పుట్టుక, పరిమితులు, ప్రోగ్రామ్ అంటే ఏమిటన్న భావన ఉన్నాయి. ఈ మార్గాలను రూపపరివర్తన పద్ధతి, వారస పద్ధతి, సంరక్షక పద్ధతి అని మూడుగా వర్గీకరించి, 1969 నుండి వాటి పరిణామాన్ని వివరించడం ఈ వ్యాసం లక్ష్యం. పునఃప్రారంభంలో అసలు ప్రశ్న ‘ఎలా మొదలుపెట్టాలి’ అన్నది కాదనీ, ‘దేనిని గుర్తుంచుకోవాలి, దేనిని మరచిపోవాలి’ అన్నదే అసలు ప్రశ్న అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పునఃప్రారంభం, ప్రాసెస్, యూనిక్స్, విండోస్, ఫోర్క్, ఎగ్జెక్, సంరక్షక ప్రోగ్రామ్, సాంకేతిక పరిభాష.

1. ఉపోద్ఘాతం

కంప్యూటర్‌పై సిద్ధాంతగ్రంథం రాసుకునే ప్రతి పరిశోధకునికీ తెలిసిన అనుభవం ఒకటుంది. పని మధ్యలో తెరపై ఒక సందేశం వస్తుంది. కొత్త మార్పులు అమలులోకి రావాలంటే ఈ ప్రోగ్రామ్‌ను పునఃప్రారంభించాలి అని దాని సారాంశం. అనుమతి ఇవ్వగానే ప్రోగ్రామ్ మూతపడి, కొద్ది క్షణాలకు మళ్ళీ తెరుచుకుంటుంది. కొన్ని ప్రోగ్రామ్‌లు మనం ఆపిన పుట దగ్గరే తెరుచుకుంటాయి. కొన్ని ఖాళీ పుటతో ఎదురవుతాయి. మొదటి సందర్భంలో మనకు పునఃప్రారంభం జరిగిందన్న స్పృహ కూడా ఉండదు. రెండవ సందర్భంలో ఒక పూట శ్రమ పోవచ్చు.

ఈ క్రియలో ఒక తార్కికమైన చిక్కు ఉంది. ఆగిపోయిన ప్రోగ్రామ్ తనను తాను ప్రారంభించుకోలేదు; ఆ పని చేయడానికి అది అప్పటికి ఉనికిలో లేదు. ఆగకముందే ప్రారంభిస్తే ఒకే ప్రోగ్రామ్ రెండు ప్రతులుగా ఏకకాలంలో నడుస్తుంది. ఎంత నేర్పరియైన నటుడైనా తన భుజంపై తానే ఎక్కలేడని మన శాస్త్రకారులు చెప్పే న్యాయం ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. అందువల్ల పునఃప్రారంభానికి ప్రోగ్రామ్‌కు బయట ఉన్న ఆధారం ఏదో ఒకటి కావాలి. ఆ ఆధారాన్ని ఎవరు ఇవ్వాలి, ఏ రూపంలో ఇవ్వాలి అన్న విషయంలోనే ఆపరేటింగ్ సిస్టమ్‌లు విడిపోయాయి.

ముందుగా ఒక భేదాన్ని స్పష్టం చేసుకోవాలి. డిస్కుపై ఫైలుగా ఉన్నది ప్రోగ్రామ్. అది మెమరీలోకి వచ్చి నడుస్తున్నప్పుడు దానిని ప్రాసెస్ అంటారు. ఒకే ప్రోగ్రామ్‌కు ఏకకాలంలో అనేక ప్రాసెస్‌లు ఉండవచ్చు. ప్రతి ప్రాసెస్‌కు ఒక సంఖ్య, కొంత మెమరీ, తెరిచి ఉంచుకున్న ఫైళ్ళ పట్టిక ఉంటాయి. పునఃప్రారంభంలో వీటిలో ఏవి నిలుస్తాయి, ఏవి నశిస్తాయి అన్నది ఈ వ్యాసమంతటా మనకు గీటురాయి.

2. 1969: రెండు ఆరంభాలు

పునఃప్రారంభ చరిత్రలో 1969 వేసవి ప్రత్యేకమైనది. ఆ వేసవిలో ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఘటనలు జరిగాయి.

మొదటిది చంద్రునిపై జరిగింది. జూలై 20న అపోలో 11 చంద్రతలానికి దిగుతుండగా, మార్గదర్శక కంప్యూటర్ 1202, 1201 అన్న సంఖ్యలతో పలుమార్లు హెచ్చరికలు చేసింది. చంద్రునిపై దిగడానికి అవసరం లేని ఒక రాడార్ అనుసంధానం కంప్యూటర్ సమయాన్ని వృథా చేయడంతో, చేయవలసిన పనులకు చోటు చాలలేదని ఆ సంఖ్యల అర్థం. ప్రతి హెచ్చరికతోనూ ఆ కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ తనను తాను పునఃప్రారంభించుకుంది. అయినా నౌక అదుపు తప్పలేదు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన ఇన్‌స్ట్రుమెంటేషన్ ప్రయోగశాల రూపకర్తలు ముఖ్యమైన ప్రతి పని ఎంతవరకు వచ్చిందో మెమరీలో గుర్తు పెట్టే ఏర్పాటు చేశారు. పునఃప్రారంభం తరువాత ఇంజన్‌ను, దిశను నియంత్రించే పనులు ఆగిన చోటినుండే కొనసాగాయి. ప్రాధాన్యం తక్కువైన పనులు మాత్రం వదిలివేయబడ్డాయి. అంటే ఆ పునఃప్రారంభం వెనుక దేనిని నిలుపుకోవాలో, దేనిని విడిచిపెట్టాలో ముందే చేసిన నిర్ణయం ఉంది.

రెండవది న్యూజెర్సీలోని బెల్ ప్రయోగశాలలో జరిగింది. కెన్ థాంప్సన్ అదే వేసవిలో పీడీపీ-7 అన్న చిన్న కంప్యూటర్‌పై యూనిక్స్ తొలిరూపాన్ని రాశారు. ఆయన సహచరుడు డెనిస్ రిచీ తరువాతి కాలంలో యూనిక్స్ పరిణామంపై రాసిన వ్యాసంలో ఆ తొలిరూపం పనితీరును వివరించారు. అప్పుడు ఆ వ్యవస్థలో ఉన్నవి రెండే ప్రాసెస్‌లు. యంత్రానికి కలిపిన రెండు టెర్మినల్‌లకు చెరొకటి. వాడుకరి ఆదేశాన్ని చదివే ప్రోగ్రామ్‌ను షెల్ అంటారు. షెల్ ఆదేశాన్ని చదివి, ఒక చిన్న సహాయక కోడ్‌ను మెమరీ చివరి భాగానికి పంపి, దానికి పగ్గాలు అప్పగించేది. ఆ కోడ్ వాడుకరి కోరిన ప్రోగ్రామ్‌ను షెల్ ఉన్న చోటనే, షెల్‌పైనే పరిచేది. ఆ ప్రోగ్రామ్ పని ముగియగానే వ్యవస్థ షెల్ కొత్త ప్రతిని డిస్కునుండి తెచ్చి, ముగిసిన ప్రోగ్రామ్‌పై పరిచేది.

అంటే యూనిక్స్ తొలిరూపంలో షెల్ ప్రతి ఆదేశానికీ ఒకసారి నశించి, ఒకసారి పుట్టేది. అక్కడ పునఃప్రారంభమే నిత్యకృత్యం. మెమరీ చాలా తక్కువగా ఉండడమే ఇందుకు కారణం. ఇదే పరిమితి ఐదేళ్ళ తరువాత మరోచోట ఇదే పరిష్కారాన్ని పుట్టించింది. గారీ కిల్డాల్ 1974లో రూపొందించిన సీపీ/ఎం వ్యవస్థలో వాడుకరి ప్రోగ్రామ్ కావాలంటే ఆదేశాలు చదివే భాగాన్ని చెరిపి ఆ స్థలాన్ని వాడుకోవచ్చు. పని ముగిశాక మెమరీలోని సున్నా చిరునామాకు దూకితే వ్యవస్థ ఆ భాగాన్ని డిస్కునుండి మళ్ళీ తెచ్చుకుంటుంది. దీనిని ‘వార్మ్ బూట్’ అన్నారు.

3. రూపపరివర్తన పద్ధతి: యూనిక్స్ మార్గం

యూనిక్స్‌కు ప్రస్తుత స్వరూపాన్ని ఇచ్చినవి ఫోర్క్, ఎగ్జెక్ అనే రెండు వ్యవస్థా ఆదేశాలు. ఫోర్క్ అన్నది నడుస్తున్న ప్రాసెస్‌కు నకలు తీస్తుంది. ఈ భావనను మెల్విన్ కాన్వే 1963లో ప్రతిపాదించారు. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలోని కాలవిభజన వ్యవస్థలో ఇది అమలైంది. థాంప్సన్ బర్క్‌లీలోనే చదువుకున్నారు. యూనిక్స్‌లో ఫోర్క్ భావనకు బర్క్‌లీ వ్యవస్థే మూలమని రిచీ పేర్కొన్నారు. పీడీపీ-7పై దీనిని చేర్చడానికి కేవలం 27 పంక్తుల అసెంబ్లీ కోడ్ సరిపోయిందని కూడా ఆయన నమోదు చేశారు.

ఈ మార్పు వల్ల వచ్చిన ఒక ఇబ్బంది మన చర్చకు ఉపయోగపడుతుంది. ప్రస్తుత ఫోల్డరును మార్చే ఆదేశం అప్పటివరకు చక్కగా పనిచేసేది. ఫోర్క్ వచ్చిన తరువాత అది హఠాత్తుగా పనిచేయడం మానేసింది. కారణం వెతికితే, ఆ ఆదేశం నకలు ప్రాసెస్‌లో నడిచి, అక్కడే ఫోల్డరును మార్చి, ఆ మార్పుతో సహా నశిస్తున్నదని తేలింది. షెల్‌కు ఆ మార్పు చేరడం లేదు. చివరకు ఆ ఆదేశాన్ని షెల్‌లోనే అంతర్భాగం చేయవలసి వచ్చింది. స్థితి ఎవరిది, అది ఎవరితో నశిస్తుంది అన్న ప్రశ్న యూనిక్స్ రూపకర్తలకు ఈ విధంగా తొలినాళ్ళలోనే ఎదురైంది.

ఎగ్జెక్ పని వేరు. అది కొత్త ప్రాసెస్‌ను సృష్టించదు. ఉన్న ప్రాసెస్‌లోని కోడ్‌ను, మెమరీని తొలగించి, ఆ స్థానంలో మరో ప్రోగ్రామ్‌ను నింపుతుంది. ప్రాసెస్ సంఖ్య మారదు. తెరిచిన ఫైళ్ళు, ప్రత్యేకంగా వద్దని గుర్తు పెట్టినవి తప్ప, తెరిచే ఉంటాయి. ఒక ప్రోగ్రామ్ ఎగ్జెక్‌కు తన ఫైలు పేరునే ఇస్తే అది తనను తాను పునఃప్రారంభించుకున్నట్లే. యూనిక్స్ వర్గానికి చెందిన వ్యవస్థలలో స్వీయపునఃప్రారంభానికి అతి సులభమైన మార్గం ఇదే.

తెలుగు పాఠకునికి ఇక్కడ పరకాయప్రవేశం స్ఫురించడం సహజం. శంకరాచార్యులు అమరుక మహారాజు దేహంలో ప్రవేశించిన ఐతిహ్యం ప్రసిద్ధం. అయితే ఎగ్జెక్‌లో జరిగేది దానికి విపర్యయం. పరకాయప్రవేశంలో ఆత్మ అదే, దేహం మారుతుంది. ఎగ్జెక్‌లో దేహం అదే, లోపలి ఆత్మ మారుతుంది. బయటివారికి, అంటే ఆ ప్రాసెస్‌ను సంఖ్యతో గుర్తుపట్టే ఇతర ప్రోగ్రామ్‌లకు, ఏమీ జరగనట్లే ఉంటుంది. అందుకే దీనికి రూపపరివర్తన పద్ధతి అన్న పేరును ప్రతిపాదిస్తున్నాను.

ఈ పద్ధతికి రెండు లోపాలున్నాయి. మొదటిది, నిలిచిపోకూడనివి కూడా నిలిచిపోవడం. మూయడం మరచిన ఫైళ్ళు కొత్త జన్మలోకి కూడా వస్తాయి. పదేపదే పునఃప్రారంభమయ్యే ప్రోగ్రామ్‌లో ఇవి పేరుకుపోయి, చివరకు కొత్త ఫైలు తెరవలేని స్థితి వస్తుంది. విస్మరించమని చెప్పిన సంకేతాలు కూడా అలాగే కొనసాగుతాయి. ఈ అనుభవాల ఫలితంగానే 2014లో విడుదలైన పైథాన్ 3.4, తాను తెరిచే ఫైళ్ళు మరో ప్రోగ్రామ్‌కు సంక్రమించకూడదన్నదే సాధారణ నియమంగా స్వీకరించింది. దాదాపు నాలుగు దశాబ్దాల సంప్రదాయం ఇక్కడ తలకిందులైంది.

రెండవది, ‘నేను ఎవరు’ అన్న ప్రశ్న. తనను తాను మళ్ళీ ప్రారంభించుకోవాలంటే ప్రోగ్రామ్‌కు తన ఫైలు ఎక్కడుందో తెలియాలి. ప్రారంభంలో అందే పేరు నమ్మదగినది కాదు. అది పూర్తి చిరునామా కాకపోవచ్చు; ఈలోగా ప్రోగ్రామ్ ఫోల్డరు మారి ఉండవచ్చు. ఈ సమస్యకు ఒక్కో వ్యవస్థ ఒక్కో సమాధానం ఇచ్చింది. లైనక్స్‌లో ప్రాసెస్‌ల వివరాలు చూపే ప్రత్యేక ఫోల్డరులో ప్రతి ప్రాసెస్‌కూ తన మూలఫైలును సూచించే లంకె ఉంటుంది. విండోస్, మాక్ వ్యవస్థలలో ఇందుకు వేరువేరు ఆదేశాలున్నాయి. దూరపు కంప్యూటర్‌లలోకి సురక్షితంగా ప్రవేశించడానికి వాడే ఓపెన్ఎస్ఎస్‌హెచ్ సర్వర్ ఇందుకు మంచి ఉదాహరణ. ‘హ్యాంగప్’ సంకేతం అందగానే అది తనను తాను ఎగ్జెక్ చేసుకుని కొత్త అమరికలను చదువుకుంటుంది. ఈ కారణంగానే దానిని పూర్తి చిరునామాతో ప్రారంభించకపోతే అది నడవడానికే నిరాకరిస్తుంది. మళ్ళీ పుట్టే దారి తెలియనిదే పుట్టడానికి అది ఒప్పుకోదన్నమాట. టెలిఫోన్ లైను తెగిందని తెలపడానికి పుట్టిన ‘హ్యాంగప్’ సంకేతం, టెర్మినల్‌తో సంబంధం లేని సర్వర్‌ల విషయంలో ‘మళ్ళీ మొదలుపెట్టు’ అన్న అర్థాన్ని సంతరించుకోవడం అర్థవిపరిణామానికి చక్కని నిదర్శనం.

4. వారస పద్ధతి: డాస్, విండోస్ మార్గం

మైక్రోసాఫ్ట్ వ్యవస్థల వారసత్వం వేరు. 1983లో వచ్చిన ఎంఎస్ డాస్ 2.0లో ఒక ప్రోగ్రామ్ మరో ప్రోగ్రామ్‌ను నడిపే ఆదేశం ఉంది. కానీ అది యూనిక్స్ ఎగ్జెక్ వంటిది కాదు. పిలిచిన ప్రోగ్రామ్ మెమరీలోనే ఉండి వేచి చూస్తుంది. పిలవబడినది ముగిశాక పగ్గాలు తిరిగి దానికే వస్తాయి. కాబట్టి తనను తాను పిలుచుకునే ప్రోగ్రామ్ ప్రతిసారీ మెమరీలో ఒక ప్రతిని వదిలిపోతుంది. డాస్ వాడుకరులు దీనికి ఆదేశాల జాబితా ఫైలుతో పరిష్కారం కనుక్కున్నారు. ఆ ఫైలు ప్రోగ్రామ్‌ను నడుపుతుంది. ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు ఒక సంఖ్యను వదిలి వెళుతుంది. ఆ సంఖ్యను బట్టి జాబితా మళ్ళీ మొదటికి వెళుతుంది లేదా ఆగుతుంది. ఈ చిన్న ఉపాయం తరువాత వివరించబోయే సంరక్షక పద్ధతికి బీజం.

1993లో విడుదలైన విండోస్ ఎన్‌టీలోనూ, తరువాతి విండోస్‌లలోనూ అనువర్తనాలకు అందుబాటులో ఉన్న ప్రధాన మార్గం ‘క్రియేట్‌ప్రాసెస్’. ఇది ఎప్పుడూ కొత్త సంఖ్యతో కొత్త ప్రాసెస్‌నే సృష్టిస్తుంది. స్వీయపునఃప్రారంభం కోరే ప్రోగ్రామ్ ముందు తన వారసుని ప్రారంభించి, తరువాత తాను తప్పుకోవాలి. అందుకే దీనిని వారస పద్ధతి అంటున్నాను. యూనిక్స్‌నుండి వచ్చిన ప్రోగ్రామ్‌ల సౌకర్యార్థం విండోస్ సీ భాషా గ్రంథాలయంలో ఎగ్జెక్ పేరుతో ఆదేశాలున్నాయి. కానీ అవి లోపల చేసేది ఇదే. కొత్త ప్రాసెస్‌ను పుట్టించి పాతదానిని ముగిస్తాయి. పేరు ఒకటి, అర్థం వేరు. పాత ప్రాసెస్ ముగింపు కోసం ఎదురుచూసే మరో ప్రోగ్రామ్, పని పూర్తయిందని పొరబడుతుంది. యూనిక్స్‌పై సరిగ్గా నడిచిన పునఃప్రారంభ కోడ్ విండోస్‌పై వింతగా ప్రవర్తించడానికి ఇది ముఖ్య కారణం.

వారస పద్ధతిలో సంధికాలం ప్రమాదకరమైనది. పాతవాడు పూర్తిగా తప్పుకోకముందే కొత్తవాడు వస్తాడు. ఒకే సమయంలో ఒకే ప్రతి నడవాలన్న నియమం ఉన్న ప్రోగ్రామ్‌లో, కొత్త ప్రతి పాత ప్రతిని చూసి ‘ఇప్పటికే ఒకటి నడుస్తోంది’ అనుకుని వెనుదిరుగుతుంది. ఆ వెంటనే పాతది కూడా ముగుస్తుంది. చివరకు ఏదీ మిగలదు. దీనిని నివారించడానికి పాతది తన ప్రాసెస్ సంఖ్యను కొత్తదానికి తెలియజేస్తుంది. కొత్తది ఆ సంఖ్య గల ప్రాసెస్ ముగిసేవరకు వేచి ఉంటుంది.

ఫైళ్ళ విషయంలో కూడా ఈ రెండు సంప్రదాయాలు భిన్నమైనవి. యూనిక్స్‌లో ఫైలు పేరు వేరు, ఫైలు వేరు. నడుస్తున్న ప్రోగ్రామ్ పేరును తొలగించి ఆ పేరుతో కొత్త ఫైలును పెట్టవచ్చు. పాత ఫైలు దానిని వాడుతున్న ప్రాసెస్ ముగిసేవరకు పేరు లేకుండానే బతికి ఉంటుంది. విండోస్‌లో నడుస్తున్న ప్రోగ్రామ్ ఫైలుపై రాయడం, దానిని తొలగించడం సాధారణంగా సాధ్యం కాదు. పేరు మాత్రం మార్చవచ్చు. అందువల్ల కొత్త కూర్పు స్థాపించడానికి మూడవ ప్రోగ్రామ్ సాయం కావాలి. వ్యవస్థకు చెందిన ఫైళ్ళయితే తరువాతిసారి కంప్యూటర్ మొదలైనప్పుడు మార్చమని ఒక జాబితాలో రాసిపెట్టాలి. కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయమని విండోస్ తరచుగా కోరడం వెనుక ఉన్న ఒక ప్రధాన కారణం ఇదే.

వారస పద్ధతి యూనిక్స్‌లో కూడా సాధ్యమే. 1988 నవంబరు 2న ఇంటర్నెట్‌ను స్తంభింపజేసిన మోరిస్ వర్మ్ దీనిని దాక్కోవడానికి వాడుకుంది. అది మధ్యమధ్యలో ఫోర్క్‌తో వారసుని సృష్టించి తాను ముగిసేది. ప్రాసెస్ సంఖ్య మారుతూ ఉండడంతోపాటు, ఏ ఒక్క ప్రాసెస్ ఖాతాలోనూ ఎక్కువ సమయం చేరేది కాదు. నిర్వాహకుల దృష్టినుండి తప్పించుకోవడానికి పునర్జన్మ ఉపాయమైంది. దీనికి భిన్నంగా ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ వారస పద్ధతిని సేవాభంగం కలగకుండా ఉండడానికి వాడుకుంది. పాత ప్రాసెస్ తాను తెరిచి ఉంచిన నెట్‌వర్క్ ద్వారాలను కొత్త కూర్పుకు అప్పగించి, తన దగ్గర మిగిలిన పాఠకులకు సమాధానాలు పంపిన తరువాతే తప్పుకుంటుంది.

5. సంరక్షక పద్ధతి: బాధ్యత బదిలీ

పై రెండు పద్ధతులలోనూ ఒక ఉమ్మడి బలహీనత ఉంది. ప్రోగ్రామ్ స్పృహలో ఉంటేనే అవి పనిచేస్తాయి. హఠాత్తుగా కూలిపోయిన ప్రోగ్రామ్ ఎగ్జెక్‌ను పిలవలేదు, వారసుని నియమించలేదు. అందువల్ల పునఃప్రారంభ బాధ్యతను క్రమంగా మరో ప్రోగ్రామ్‌కు అప్పగించడం మొదలైంది. శంకరుల ఐతిహ్యంలో గుహలో దేహాన్ని కాపాడిన శిష్యుల పాత్ర ఇటువంటిదే.

యూనిక్స్‌లో తొలి సంరక్షకుడు ‘ఇనిట్’. దాని ప్రాసెస్ సంఖ్య 1. వాడుకరి నిష్క్రమించగానే ఆ టెర్మినల్‌పై ప్రవేశ ప్రోగ్రామ్‌ను మళ్ళీ మొదలుపెట్టడం దాని తొలి విధులలో ఒకటి. 1983 నాటి సిస్టమ్ 5 యూనిక్స్‌లో నిర్వాహకుడు ఒక పట్టికలో ప్రోగ్రామ్ పేరు ఎదుట ‘రీస్పాన్’ అని రాస్తే చాలు. అది ఎన్నిసార్లు ముగిసినా ఇనిట్ మళ్ళీ పుట్టిస్తుంది.

ఈ భావనకు సిద్ధాంతస్థాయి కల్పించినది స్వీడన్‌లోని ఎరిక్సన్ సంస్థలో 1986లో మొదలైన ఎర్లాంగ్ భాష. టెలిఫోన్ ఎక్స్ఛేంజి ఆగకూడదు; కానీ లోపం లేని ప్రోగ్రామ్ రాయడం అసాధ్యం. కాబట్టి పనిచేసే ప్రాసెస్‌లను, వాటిని కాపాడే ప్రాసెస్‌లను వేరుచేయాలని జో ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం నిర్ణయించింది. పనిచేసేది ఊహించని స్థితిలో పడితే సర్దుకోవడానికి ప్రయత్నించకుండా కూలిపోవాలి. పై స్థాయిలోని సంరక్షకుడు దానిని మంచి స్థితినుండి మళ్ళీ మొదలుపెడతాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ 2003లో సమర్పించిన పరిశోధన గ్రంథం ఈ ఆలోచనను సమగ్రంగా వివరించింది.

2005లో మాక్ ఓఎస్ టైగర్‌తో ‘లాంచ్‌డి’, 2010లో లైనక్స్ ప్రపంచంలో ‘సిస్టమ్‌డి’ వచ్చాయి. విండోస్‌లో సేవలను నడిపే నియంత్రిక మొదటి వైఫల్యానికి, రెండవ వైఫల్యానికి, తరువాతి వైఫల్యాలకు వేరువేరు చర్యలు నిర్దేశించే వీలు కల్పించింది. విండోస్ విస్టా సాధారణ అనువర్తనాలు కూడా ‘నేను కూలిపోతే ఈ ఆదేశంతో నన్ను మళ్ళీ ప్రారంభించు’ అని ముందే నమోదు చేసుకునే ఏర్పాటు తెచ్చింది.

ఈ సంరక్షకులన్నింటిలో కనిపించే సమానధర్మం ఒకటుంది. అవన్నీ పునఃప్రారంభానికి హద్దు విధించాయి. లైనక్స్‌లో ప్రచారమైన పాత ఇనిట్, ఒక ప్రోగ్రామ్ 2 నిమిషాలలో 10 సార్లకు మించి పుడితే దానిని 5 నిమిషాలు నిలిపివేస్తుంది. లాంచ్‌డి సాధారణంగా 10 సెకన్లకు ఒకసారికి మించి ఏ ప్రోగ్రామ్‌నూ ప్రారంభించదు. సిస్టమ్‌డి సాధారణ అమరికలో 10 సెకన్లలో 5 ప్రారంభాలు దాటితే ప్రయత్నం విరమిస్తుంది. విస్టా ఏర్పాటులో ప్రోగ్రామ్ కనీసం 60 సెకన్లు నడిచి ఉంటేనే మళ్ళీ ప్రారంభించే అర్హత కలుగుతుంది. ఎర్లాంగ్ సంరక్షకుడు హద్దు దాటితే తానే ముగిసి, సమస్యను తన పై సంరక్షకునికి నివేదిస్తాడు. వేరువేరు సంస్థలు, వేరువేరు కాలాలు. అయినా ఒకే నిర్ణయం. పుట్టగానే కూలిపోయే ప్రోగ్రామ్‌ను అంతులేకుండా పుట్టించడం వైద్యం కాదని, యంత్రాన్నే కుంగదీసే మరో వ్యాధి అని అందరూ గ్రహించారన్నమాట.

భిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌లపై ఒకేలా నడవవలసిన సాఫ్ట్‌వేర్‌లు కూడా చివరకు ఈ పద్ధతికే చేరాయి. పైథాన్‌లో వెబ్‌సైట్లు నిర్మించడానికి వాడే జాంగో ఇందుకు నిదర్శనం. రచయిత కోడ్ మార్చినప్పుడు పనిచేసే ప్రాసెస్ 3 అన్న సంఖ్యతో ముగుస్తుంది. పైన ఉన్న చిన్న సంరక్షకుడు ఆ సంఖ్యను చూసి దానిని మళ్ళీ మొదలుపెడతాడు. డాస్ వాడుకరులు ఆదేశాల జాబితాతో చేసిన పని కూడా ఇదే. ఏ వ్యవస్థ ప్రత్యేకతపైనా ఆధారపడకపోవడం దీని బలం.

6. జ్ఞాపకం, విస్మృతి

పునఃప్రారంభం లోపాన్ని ఎందుకు తొలగిస్తుంది? టాండెమ్ సంస్థలో పనిచేసిన జిమ్ గ్రే 1985లో కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయన్న అంశంపై రాసిన పత్రంలో దీనికి సమాధానం చెప్పారు. బాగా పరీక్షించిన సాఫ్ట్‌వేర్‌లో మిగిలే దోషాలలో అధికభాగం తాత్కాలికమైనవి. అరుదైన పరిస్థితులు కలిసినప్పుడే అవి బయటపడతాయి. మళ్ళీ ప్రయత్నిస్తే కనిపించవు. భౌతికశాస్త్రవేత్త హైజెన్‌బర్గ్ పేరుమీదుగా వీటిని ‘హైజెన్‌బగ్’లు అన్నారు. 1995లో బెల్ ప్రయోగశాలల పరిశోధకులు మరో అడుగు ముందుకు వేసి, ప్రోగ్రామ్ కూలిపోకముందే నియమిత కాలవ్యవధిలో దానిని ఆపి మొదలుపెట్టాలని ప్రతిపాదించారు. దీర్ఘకాలం నడిచిన ప్రోగ్రామ్‌లో చిన్నచిన్న దోషాలు పేరుకుపోతాయన్నది దీనికి ఆధారం.

ఈ సూత్రాన్ని సకాలంలో పాటించకపోవడం వల్ల కలిగిన నష్టానికి విషాదకరమైన ఉదాహరణ ఉంది. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో, ఎదురువస్తున్న స్కడ్ క్షిపణిని పేట్రియట్ రక్షణ వ్యవస్థ అడ్డుకోలేకపోయింది. 28 మంది అమెరికన్ సైనికులు మరణించారు. ఆ వ్యవస్థ తాను మొదలైనప్పటినుండి గడిచిన కాలాన్ని సెకనులో పదవవంతుల లెక్కన కొలిచేది. పదవవంతు అన్న భిన్నాన్ని 24 బిట్లలో కచ్చితంగా రాయలేరు. ఆ అతిసూక్ష్మమైన తేడా కాలంతోపాటు పెరిగి, 100 గంటలకు సుమారు 0.34 సెకన్లయింది. అంత వ్యవధిలో క్షిపణి అర కిలోమీటరుకు పైగా ప్రయాణిస్తుంది. ఆనాటికి ఆ వ్యవస్థ 100 గంటలకు పైగా ఆగకుండా నడుస్తోంది. దానిని ఒకసారి ఆపి మొదలుపెడితే గడియారం సున్నాకు వచ్చి దోషం తాత్కాలికంగా తొలగిపోయేది. చాలా ఎక్కువసేపు నడిపితే గురి తప్పవచ్చన్న సూచన ఫిబ్రవరి 21న దళాలకు అందింది. కానీ ‘చాలా ఎక్కువసేపు’ అంటే ఎన్ని గంటలో అందులో లేదు. సవరించిన సాఫ్ట్‌వేర్ ధహ్రాన్‌కు ఫిబ్రవరి 26న, అంటే మరునాడు చేరింది.

అపోలో, పేట్రియట్ ఘటనలను పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటిదానిలో దేనిని నిలుపుకోవాలో ముందే ఆలోచించి ఉంచారు కాబట్టి పునఃప్రారంభం కాపాడింది. రెండవదానిలో వ్యవస్థ మరచిపోవలసినదాన్ని మోస్తూ పోయింది; ఎప్పుడు మరచిపోవాలో నడిపేవారికి ఎవరూ స్పష్టంగా చెప్పలేదు. పునఃప్రారంభం లోపాన్ని సరిదిద్దదు, వాయిదా వేస్తుందన్న సత్యం కూడా ఇందులో ఉంది. 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ బోయింగ్ 787 విమానాలపై ఇచ్చిన ఆదేశం ఇటువంటిదే. ఆ విమానాల జనరేటర్ నియంత్రికలు 248 రోజులు ఆగకుండా విద్యుత్తుతో ఉంటే వాటిలోని లెక్కింపు పొంగిపొరలి, విద్యుత్తు నిలిచిపోయే అవకాశం ఉంది. శాశ్వత పరిష్కారం వచ్చేవరకు నియమిత వ్యవధిలో విద్యుత్తును ఆపి మళ్ళీ ఇవ్వాలని ఆ సంస్థ నిర్దేశించింది. ఇక్కడ వ్యవధి ఎంతో స్పష్టంగా ఉంది. తేడా అదే.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ కాండియా, అర్మాండో ఫాక్స్ 2003లో ఈ ఆలోచనను దాని తార్కికాంతానికి తీసుకువెళ్ళారు. ప్రోగ్రామ్‌కు మర్యాదగా ఆగే మార్గం వేరుగా ఉండనవసరం లేదు. కూలిపోవడమే ఆగడం, కోలుకోవడమే మొదలుకావడం కావాలని వారు వాదించారు. నిలిచి ఉండవలసిన సమాచారాన్ని ప్రోగ్రామ్‌కు బయట భద్రపరిస్తేనే ఇది సాధ్యం. నేటి ఫోన్లలో ఇది ఆచరణలో ఉంది. ఆండ్రాయిడ్ మెమరీ అవసరమైనప్పుడు తెరవెనుక ఉన్న ఆప్‌ను చెప్పకుండానే ముగిస్తుంది. అందుకే తెర తప్పుకునేముందు స్థితిని భద్రపరచుకునే అవకాశం ప్రతి ఆప్‌కూ ఇస్తుంది. ఆపిల్ ఐఓఎస్‌లో ఆప్ తనను తాను మర్యాదగా ముగించుకోవడానికి అధికారిక ఆదేశమే లేదు. స్వీయపునఃప్రారంభం అన్న హక్కు పూర్తిగా వ్యవస్థ చేతికి వెళ్ళిపోయింది.

7. పరిభాషా విచారం

ఈ చరిత్రను తెలుగులో చెప్పేటప్పుడు ఎదురయ్యే ఇబ్బంది పదాల కొరత కాదు, పదం ఒకటే కావడం. రీబూట్, రీస్టార్ట్, రీలోడ్, రీస్పాన్ అనే నాలుగు భిన్న క్రియలకు మనం తరచుగా ‘పునఃప్రారంభం’ అన్న ఒకే మాట వాడుతున్నాం. వాటి పర్యవసానాలు వేరు. మొదటిదానిలో యంత్రమంతా మొదలవుతుంది. రెండవదానిలో ఒక ప్రోగ్రామ్ మాత్రమే మొదలవుతుంది. మూడవదానిలో ప్రోగ్రామ్ ఆగదు, తన అమరికలను మళ్ళీ చదువుకుంటుంది. నాల్గవదానిలో ప్రారంభించేది ప్రోగ్రామ్ కాదు, దాని సంరక్షకుడు. వీటికి వరుసగా యంత్ర పునఃప్రారంభం, పునఃప్రారంభం, పునఃపఠనం, పునరుద్భవం అన్న మాటలను పరిశీలనకు ప్రతిపాదిస్తున్నాను. ‘పునఃప్రారంభించు’ అన్న మీటను నొక్కే తెలుగు వాడుకరికి తాను రాస్తున్న పుట ఉంటుందా, పోతుందా అన్నది ఆ మాటను బట్టి తెలియాలి. ఈ దృష్టితో చూస్తే పరిభాషా నిర్ణయం అలంకారప్రాయం కాదు.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• స్వీయపునఃప్రారంభానికి ఆపరేటింగ్ సిస్టమ్‌లు రూపపరివర్తన, వారస, సంరక్షక పద్ధతులనే మూడు మార్గాలు చూపాయి. మొదటిది యూనిక్స్ ఎగ్జెక్‌లో, రెండవది విండోస్ ప్రాసెస్ సృష్టిలో వేళ్ళూనుకున్నాయి.

• ఒకే పేరు గల ఆదేశం వేరువేరు వ్యవస్థలలో వేరు అర్థంలో ఉండడం, నడుస్తున్న ఫైళ్ళ విషయంలో భిన్న నియమాలు ఉండడం వల్ల ఒక వ్యవస్థలోని పరిష్కారం మరోదానిలో యథాతథంగా పనిచేయదు.

• కాలక్రమంలో పునఃప్రారంభ బాధ్యత ప్రోగ్రామ్‌నుండి దాని సంరక్షకునికి బదిలీ అయింది. ఆ సంరక్షకులన్నీ పునఃప్రారంభానికి హద్దు అవసరమని విడివిడిగా గుర్తించాయి.

• పునఃప్రారంభం ప్రయోజనం దాని వేగంలో లేదు. ఏది నిలవాలి, ఏది పోవాలి, ఎప్పుడు పోవాలి అన్న నిర్ణయాన్ని ముందే చేసి, దానిని నడిపేవారికి స్పష్టంగా చెప్పడంలో ఉంది. ధహ్రాన్‌లో లోపించింది ఈ స్పష్టతే.

పీడీపీ-7పై ప్రతి ఆదేశానికీ నశించి పుట్టిన షెల్‌కు, నేటి ఫోన్‌లో మనకు తెలియకుండానే ముగిసి మళ్ళీ తెరుచుకునే ఆప్‌కు మధ్య యాభై ఏళ్ళకు పైగా దూరం ఉంది. అక్కడ మెమరీ లేక, ఇక్కడ మెమరీని పంచుకోవలసి వచ్చి, రెండుచోట్లా ప్రోగ్రామ్ అశాశ్వతమైంది. మారింది ఒక్కటే. ఆనాటి షెల్‌కు గుర్తుంచుకోవలసినది దాదాపు ఏమీ లేదు. నేటి ప్రోగ్రామ్ దగ్గర మన రాతలు, మన పని ఉన్నాయి. అందువల్ల దాని పునఃప్రారంభ విధానం సాంకేతిక నిపుణులు మాత్రమే పట్టించుకోవలసిన విషయంగా మిగలలేదు.